32 వేలల్లో రోడ్ సైకిల్: మేము ఎలా వెతికామంటే

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. రేసు సైకిల్ కొనాలంటే ఎంతవుతుంది, ఏది తీసుకోవాలి అని ఇక్కడ ఒకరిద్దరు అడిగారు. మేము ఈమధ్యే ఆ పని చేసి ఉన్నాం కాబట్టి తెలిసినంత రాస్తున్నాం.

మేము ముగ్గురం. పాడేరు వైపు వాళ్ళం, విశాఖలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మాలో ఒకడి చెల్లెలు ఇంటర్ చదువుతోంది. ఒకడి చెల్లెలంటే ముగ్గురికీ చెల్లెలే. తొమ్మిదో తరగతిలో స్కూల్లో ఇచ్చిన సైకిల్ మీదే సంతకీ, బడికీ, చుట్టం ఇంటికీ తిరిగేది. ఆ బరువు సైకిల్ మీదే ఘాట్ ఎక్కడం చూసి వాళ్ళ పీఈటీ సార్ "ఈ పిల్లని సెలక్షన్స్‌కి పంపాలి, కానీ రోడ్ సైకిల్ ఉండాలి" అన్నారు. సార్ అన్నది నిజమే. గుంపుగా బయలుదేరే రోడ్ రేసుల్లో వంపు హ్యాండిల్ ఉన్న సైకిలే వాడాలి. స్కూల్ సైకిల్ వేసుకెళ్తే గీత దగ్గరే ఆపేస్తారు.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాం. కాఫీ అమ్మిన దాంట్లోంచి వాళ్ళ నాన్న 18 వేలు పక్కన పెట్టాడు. మేము ముగ్గురం సెలవుల్లో కేటరింగ్ పనికెళ్ళి దాచింది 14 వేలు. మొత్తం 32 వేలు. ఇందులో ఒక్క రూపాయి వృథా అయినా మళ్ళీ వచ్చే పంట దాకా ఆగాల్సిందే. ఇంట్లో మాత్రం పెద్ద గొడవే అయ్యింది. నానమ్మ అయితే "ఏటర్రా, ముప్పై వేలెట్టి తొక్కుడు బండా? ఆ డబ్బుకి ఆవునొకదాన్ని తోలుకొస్తే ఇంటికి పాలన్నా ఉంటాయి" అంది. చిన్నాన్న ఇంకో పది వేలు కలిపితే సెకండ్‌హ్యాండ్ మోటారు బండి వస్తుంది అన్నాడు. ఇద్దరి మాటా తీసిపారేసేది కాదు. చివరికి వాళ్ళ నాన్నే "అది ఎక్కడికో వెళ్తానంటంది, ఎల్లనీండి" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. అందుకే ఆ డబ్బుతో బజారుకెళ్ళినప్పుడు మాకు కాళ్ళు వణికాయి.

అసలు రోడ్ సైకిల్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. మన పిల్లలు ఎక్కువమంది కొనేది లావు టైర్లు, ముందు స్ప్రింగులు, వెనక స్ప్రింగు, స్టిక్కర్ మీద "21 స్పీడ్" అని ఉండే గేర్ సైకిల్. చూడ్డానికి బుల్లెట్ లాగుంటుంది. ఘాట్ మీద మాత్రం నొక్కిన ప్రతిసారీ ఆ స్ప్రింగే కిందికీ పైకీ ఊగి మన బలంలో కొంత తినేస్తుంది. పైగా తక్కువ ధరలో వచ్చేవి 16, 18 కిలోలు తూగుతాయి. రోడ్ సైకిల్‌కి స్ప్రింగులుండవు. సన్న టైరు, తేలిక ఫ్రేమ్, వంగి పట్టుకునే హ్యాండిల్. తారు రోడ్డు కోసమే పుట్టింది. మీ ఊరికి ఇంకా మట్టి దారే ఉండి, ఊరికే తిరగడానికే కావాలంటే ఇది కొనొద్దు. 35 ఎంఎం టైర్లున్న హైబ్రిడ్ చాలు, డబ్బులు కూడా మిగుల్తాయి.

రోడ్ సైకిల్లో అందరూ మొదట అడిగేది కంపెనీ. మేము మొదట చూసింది సైజు. షాపుల్లో ఇదే ఎవరూ సరిగ్గా చెప్పరు. మేమెళ్ళిన ఒక షాపులో పిల్ల ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలని చెప్పినా పెద్ద సైజు సైకిలే చూపించి "సీటు కిందికి దించేస్తే సరిపోద్ది" అన్నారు. సరిపోదు. సీటు దించితే కాలు అందుతుంది, హ్యాండిల్ దగ్గరకి రాదు. గంట తొక్కేసరికి మెడ, నడుము పట్టేస్తాయి. దిగుడులో బ్రేకు మీద వేళ్ళు పూర్తిగా పడవు. అది ఇంకా ప్రమాదం.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడాలి. లాంగ్ నోట్‌బుక్ ఒకటి రెండు కాళ్ళ మధ్య సీటు లాగా గట్టిగా పైకి నొక్కి, దాని పై అంచు గోడకి తగిలిన చోట పెన్సిల్‌తో గీత పెట్టాలి. నేల నుంచి ఆ గీత దాకా ఎన్ని సెంటీమీటర్లో కొలిచి 0.67తో గుణిస్తే ఫ్రేమ్ సైజు దాదాపుగా వస్తుంది. మా చెల్లికి 72 వచ్చింది. 72ని 0.67తో గుణిస్తే 48. అంటే 48, 49 సైజు వెతకాలి. ఆ సైజువి బజారులో తక్కువ. మన పిల్లలు చాలామంది పొట్టిగా ఉంటారు కాబట్టి ఈ ఇబ్బంది మనకే ఎక్కువ. దొరకలేదని పెద్దది మాత్రం తీసుకోవద్దు, ఇంకో నెల ఆగండి.

రెండోది గేర్లు. ఎన్ని గేర్లున్నాయి అన్నది అసలు లెక్కే కాదు. అన్నిటికంటే తేలిక గేరు ఎంత తేలిక అన్నదే మనకి కావాల్సింది, ఎందుకంటే మనం తొక్కేది కొండ. దీనికి పళ్ళు లెక్కపెట్టాలి. పెడల్ దగ్గరున్న చిన్న చక్రం పళ్ళని వెనక పెద్ద చక్రం పళ్ళతో భాగించండి. వచ్చినదాన్ని టైరు చుట్టుకొలతతో, అంటే సుమారు 2.1 మీటర్లతో గుణిస్తే ఒక్కసారి పెడల్ తిప్పితే బండి ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. ఆ దూరం తక్కువైతే ఎక్కడం సులువు.

మా ఊళ్ళో ఒక తాత సైకిల్‌కి లెక్కపెడితే ముందు 44, వెనక 18. ఒక్క చుట్టుకి అయిదు మీటర్ల పైనే పోతుంది. అందుకే తాతలు ఘాట్‌లో సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవాళ్ళు, బలం లేక కాదు. కొత్తగా వచ్చే చవక రోడ్ సైకిళ్ళలో కొన్నిటికి ముందు ఒక్కటే చక్రం, 44 పళ్ళు. వెనక పెద్దది 28. అది 3.3 మీటర్లు. బీచ్ రోడ్డుకి బాగుంటుంది, గరికబంద దాటాక మోకాళ్ళు అడుగుతాయి. కాంపాక్ట్ అనే రకంలో ముందు 50, 34 అని రెండుంటాయి. 34తో వెనక 28 ఉంటే 2.55 మీటర్లు, 32 ఉంటే 2.2 మీటర్లు. మాకు ఆ చివరిదే కావాలి అనుకున్నాం.

గేర్ల సామాన్లలో షిమానో కంపెనీది ఎక్కువగా కనిపిస్తుంది. కింద నుంచి పైకి టూర్నీ, క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అని మెట్లు. వెనక టూర్నీకి 7, క్లారిస్‌కి 8, సోరాకి 9, టియాగ్రాకి 10. ఆపైవి మన జోలికి రావు. మా లెక్కలో క్లారిస్ ఉంటే మొదటి సైకిల్‌కి చాలు. బ్రేకూ గేరూ ఒకే లివర్‌లో ఉంటాయి, హ్యాండిల్ వదలకుండానే గేరు మార్చొచ్చు. మలుపులో ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు ఇది ఎంత అవసరమో ఘాట్ రోడ్డు మీద పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

డెకాథ్లాన్ వాళ్ళ ట్రైబన్ సైకిల్ కూడా చూశాం. మావాడొకడు ఆ పేరు "ట్రైబల్" అని చదివి, మనకోసమే చేశారు చూడండ్రా అని షాపులోనే నవ్వాడు. మేము చూసిన మొదటి మెట్టు సైకిల్ ముప్పై వేల దరిదాపుల్లో ఉంది. కొత్తది, రసీదుతో వస్తుంది, పట్నంలో ఉండేవాళ్ళకి మంచిదే. మా కొండకి దాని తేలిక గేరు చాలదనిపించి వదిలేశాం. హెల్మెట్‌కి కూడా డబ్బు మిగలదు.

అందుకే సెకండ్‌హ్యాండ్‌కి వెళ్ళాం. ఏప్రిల్, మే నెలల్లో ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ వాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోతూ సైకిళ్ళు అమ్మేస్తారు. మాకూ అలాగే దొరికింది. చూడ్డానికి వెళ్ళేటప్పుడు మూడు వస్తువులు పట్టుకెళ్ళాం: పాత స్పీకర్లోంచి ఊడదీసిన అయస్కాంతం, టేపు, గుడ్డ ముక్క.

అయస్కాంతం రిమ్ముకి అంటుకుంటే అది ఇనప రిమ్ము. వానలో తడిస్తే ఇనప రిమ్ము మీద బ్రేకు రబ్బరు జారుతుంది, మన వర్షాలకి అది పనికిరాదు. అంటుకోకపోతే అల్యూమినియం. ఫ్రేమ్‌కీ అలాగే పెట్టి చూడొచ్చు, "అల్లాయ్" అని చెప్పి ఇనుము అంటగట్టేవాళ్ళున్నారు. గుడ్డతో ఫ్రేమ్ తుడిచి హ్యాండిల్ కింద, పెడల్ చుట్టూ అతుకుల దగ్గర వెలుతుర్లో చూడాలి. వెంట్రుకంత పగులు కనిపించినా వదిలేసి వచ్చెయ్యండి. చైనుకి టేపు పెట్టాలి. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 24 పిన్నులు ముందుకి లెక్కిస్తే సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో 16వ వంతు పెరిగితే చైను మార్చాలి. 8వ వంతు పెరిగితే వెనక పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, ఖర్చు డబులు. మాదానికి 16వ వంతు దాటింది, 8 దాకా రాలేదు. ఆ టేపు చూపించే 27 వేలు చెప్పినాయన్ని 24కి దించాం.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తు పెట్టుకోండి. రసీదు లేకుండా సెకండ్‌హ్యాండ్ సైకిల్ కొనొద్దు. ఫ్రేమ్ కింద, పెడల్ ఇరుసు దగ్గర ఒక నంబరు కొట్టి ఉంటుంది. అమ్మినాయన దగ్గర పాత బిల్లు తీసుకుని, ఆ నంబరు రాసి, ఇంతకి అమ్మాను అని తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకున్నాం. పక్కన ఆధార్ జిరాక్స్ కూడా. ఏజెన్సీ రోడ్డు మీద చెక్‌పోస్టులు దేనికుంటాయో, అక్కడ ఎవరి బ్యాగు ముందు తెరిపిస్తారో మనకి తెలియనిది కాదు. పట్నం అబ్బాయి హెల్మెట్ పెట్టుకుని వెళ్తే "సైక్లిస్టు". మనం వెళ్తే "ఈ సైకిల్ నీకెక్కడిది?" మేము బండి తీసుకొస్తున్నప్పుడు రెండు చోట్ల ఆ ప్రశ్న వచ్చింది. ఒకచోట కాగితం చూపించాక కూడా అరగంట నిలబెట్టారు. కాగితమే లేకపోతే ఏమయ్యేదో. ఇప్పుడు ఆ కాగితం ఫొటో చెల్లి ఫోన్లో, వాళ్ళ నాన్న ఫోన్లో, మా ముగ్గురి ఫోన్లలో ఉంది.

మిగతా ఖర్చులు గబగబా చెప్తాం. హెల్మెట్ 1600, కొత్త చైను 900, బ్రేకు రబ్బర్లు 500, ట్యూబులు రెండు 700, గాలి పంపు 900, లైట్లు 800, పంచరు సామాను 100, పిన్ను 40. మొత్తం 5,540. సైకిల్‌తో కలిపి 29,540. మిగిలింది ముందు టైరు కోసం ఉంచాం. ఆ 40 రూపాయల పిన్ను ఏంటంటారా? రోడ్ సైకిల్ ట్యూబుకి ప్రెస్టా అనే సన్నటి వాల్వు ఉంటుంది. సంతలో పంచరు షాపాయన దగ్గర గాలి గొట్టం దానికి పట్టదు. ఇత్తడి పిన్ను ఒకటి బిగిస్తే మోటారు బండి వాల్వు లాగే అయిపోతుంది. బ్యాగులో రెండు ఉంచుకోండి, చిన్నది కదా, పడిపోతుంది. 700సి ట్యూబులు పాడేరులో అడిగాం, లేవన్నారు, కింద నుంచే తెచ్చుకోవాలి.

దిగుడు గురించి ఒక మాట. ఎక్కడం కన్నా దిగడమే నేర్చుకోవాలి. బ్రేకు అలాగే పట్టుకుని కూర్చుంటే రిమ్ము వేడెక్కిపోతుంది. మలుపుకి ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వదిలి, మళ్ళీ నొక్కాలి. చెల్లి మొదటి వారం మోదకొండమ్మ పాదాల దగ్గర ఆగి రిమ్ము మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమందట. ఇప్పుడు అలా వేడెక్కనివ్వడం లేదు.

కొలంబియా దేశంలో నైరో క్వింటానా అనే రేసర్ ఉన్నాడు. ఆండీస్ కొండల్లో రైతు కుటుంబం. చిన్నప్పుడు సెకండ్‌హ్యాండ్ సైకిల్ మీద కొండ దారిలో బడికి పోయొచ్చేవాడు. 2014లో ఇటలీ జీరో, 2016లో స్పెయిన్ వుయెల్టా గెలిచాడు. మన దేశంలోనే అండమాన్ నికోబార్ నుంచి వచ్చిన ఎసో అల్బెన్ 2018లో జూనియర్ ప్రపంచ ట్రాక్ పోటీల్లో రజతం తెచ్చాడు. ఇలాంటివాళ్ళ కథలు చెప్పి "సైకిల్ ఏదైనా పర్లేదు, పట్టుదలుంటే చాలు" అని మీటింగుల్లో మాట్లాడేవాళ్ళుంటారు. మాకు ఆ మాట నచ్చదు. వాళ్ళకీ ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు సరైన సైకిల్ చేతికిచ్చారు. మన పిల్లలకి పట్టుదల గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు, 48 సైజు ఫ్రేమ్ తెచ్చిచ్చేవాళ్ళే లేరు.

చెల్లి ఇప్పుడు ఆదివారాలు తెల్లారగట్ల, బస్సులు మొదలవ్వక ముందు బయలుదేరుతోంది. వాళ్ళ నాన్న పక్కింటి మోటారు బండి మీద వెనక వస్తున్నాడు. మొదట్లో రెండుచోట్ల ఆగేది, పోయిన వారం ఆగకుండా పైకి వచ్చేసింది. నానమ్మ సైకిల్‌ని రాత్రి వాకిట్లో వదలనివ్వడం లేదు, పసుపు మూటల పక్కన లోపలే పెట్టిస్తోంది. సెలక్షన్స్‌కి ఇంకా రెండు నెలలుంది. ఈలోపు ముందు టైరు మార్చాలి. 28 ఎంఎం పట్టే టైరు మంచిది, తక్కువలో విశాఖలో ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్ళు కింద చెప్పండి. అయస్కాంతం, టేపు మా రూములోనే ఉన్నాయి. సైకిల్ చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ముందురోజు మెసేజ్ పెడితే ముగ్గురిలో ఒకరం తోడొస్తాం.