టొరంటో నగరమున మా చెల్లెలి ఉద్యోగాన్వేషణము

2025 వేసవి సెలవులలో మా వారును నేనును కెనడా దేశమునకు పోయి, టొరంటో నగరమున మా చెల్లెలి యింట నెల దినము లుంటిమి. ఒంటారియో సరస్సు ఒడ్డున నిలిచినప్పుడు ఆవలి తీరము కానరాక సముద్రమనియే భ్రమించి, దోసిట నీరు పట్టి రుచి చూచితిని. ఉప్పు లేదు. అయినను ఆ నగరమునందు నేను మిక్కిలి మెచ్చిన చోటు సరస్సు గాదు. యంగ్ వీథిలోని 5 అంతస్తుల గ్రంథాలయము. ఎవరైనను లోనికి పోవచ్చును, రుసుము లేదు. మా చెల్లెలు ప్రతిదినమును అచ్చట కూర్చుండి ఉద్యోగములకు దరఖాస్తులు వ్రాయుచుండెడిది.

ఆమె రాజమహేంద్రవరమున 8 ఏండ్లు గణితము బోధించినది. తన అర్హతాపత్రమును మన మర్యాద ననుసరించి ఫొటోతోను, తండ్రిపేరు, వయస్సు, వివాహము, మతముతోను మొదలుపెట్టినది. 40 చోట్లకు పంపినను ఒక్క ప్రత్యుత్తరము లేదు. గ్రంథాలయమున పరిచయమైన యొక వృద్ధురాలు దానిని చూచి, ఇవి యేవియు నిచ్చట వ్రాయరాదనియు, చేసిన పనిని మాత్రము రెండు పుటలలో చెప్పి, ఒక్కొక్క కొలువునకు తగినట్లు మరల మరల దిద్దుకొనవలెననియు బోధించినది. చెల్లెలు అన్నియు తీసివేసినది గాని నాన్నగారి పేరు తీసివేయుటకు చేయి యాడలేదు. నేనే చెరిపితిని.

ఒకనాడు ఫోనులో నెవడో, 500 డాలర్లును 9 అంకెల సామాజిక బీమా సంఖ్యయు నిచ్చినచో మరునాడే కొలువని పలికెను. మా పిల్ల ఇంచుమించు ఇచ్చివేసెడిదే! సోదరీమణులారా, మీ యాడపడుచులో కూతుళ్లో ఆ దేశమునకు పోవుచున్నయెడల ఈ మాట చెవిని వేయుడు. పని యిచ్చువాడు ధనమడుగడు. ఆ సంఖ్యను కొలువు కుదిరిన పిదపనే యజమానికి తెలుపవలెను.

అచ్చటి ప్రభుత్వ పాఠశాలలలో పాఠము చెప్పుటకు ఒంటారియో ఉపాధ్యాయ మండలి అనుమతి కావలెను. మన చేతనున్న మార్కుల పట్టిక చాలదు. విశ్వవిద్యాలయమే నేరుగా పంపవలెను. ఇది ప్రయాణమునకు ముందే, ఇచ్చట నుండగనే చక్కబెట్టుకొనవలసిన పని. మేము చేయలేదు. చీరలు సర్దుటకు పది దినములు పట్టినవి, పత్రములు సర్దుట కొక్కపూట! ఆ తప్పున నాకును పాలున్నది.

“కెనడాలో పనిచేసిన అనుభవమున్నదా?” యని ఎల్లరు నడిగెడివారు. పని యీయక అనుభవ మెట్లు వచ్చును? 25 మందికి తక్కువగాక పనివారు గల యజమానులు తమ ప్రకటనలలో ఆ నియమము పెట్టరాదని ఒంటారియోలో 2026 జనవరి 1వ తేదీ మొదలు చట్టము అమలులోనికి వచ్చినది.

చెల్లెలి కిప్పుడు ఒక బడిలో మధ్యాహ్న భోజనవేళ పిల్లలను కనిపెట్టియుండు పని దొరకినది. దినమునకు ఒక్క గంటయే. ఆయా పనియని అత్తగారు మొగము ముడిచిరట. కాని ఆ బడిలోని గణితోపాధ్యాయిని ఈమెను పేరు పెట్టి పలుకరించుచున్నది. అడిగినవారికి ఈమెనుగూర్చి నాలుగు మంచి మాటలు చెప్పెదనన్నది. వచ్చు సోమవారము మా వారు ఆ పట్టికకొరకు మూడవమారు విశ్వవిద్యాలయమునకు పోవుచున్నారు.