మా పెదనాన్న

పెదనాన్న పోయారని తెలిసినప్పటి నుంచి అందరూ ఒకటే మాట, కష్టజీవి అని. నిజమే, కానీ అది సగమే.

1967లో సాగర్ కుడికాలువకు నీళ్లొదిలాక మెట్టచేలు మాగాణి అయిన పల్నాటి రైతుల తరం ఆయనది. మిరప కోతలయ్యాక కల్లంలో కాయ ఎండేదాకా అక్కడే నులకమంచం. రాత్రి మబ్బు పట్టిందంటే పట్టాలు కప్పడానికి ఇంటిల్లిపాదినీ లేపేవారు. టిక్కీలు బండికెత్తి గుంటూరు యార్డుకు పోతే, ధర పలికినా పలక్కపోయినా మాకు మిఠాయి పొట్లం తెచ్చేవారు. అప్పుచేసి మరీ ఆడపిల్లలందరినీ డిగ్రీ చదివించారు.

మిగతా సగం శివరాత్రికి చూడాలి. కోటప్పకొండ తిరునాళ్లకు ఊరి ప్రభ కట్టడమంటే ఆయనకు ఇంట్లో పెళ్లే. వెదురు బొంగులు ఎంచడం దగ్గర్నుంచి కరెంటు బల్బులు వెలిగేదాకా తిండీ నిద్రా ఉండేవి కావు. ప్రభ కదిలిందంటే తువ్వాలు తలకు చుట్టి డప్పుల ముందు చిందేసేవారు. "ఈ వయసులో ఏంటండీ" అని పెద్దమ్మ కసిరితే ఆమెనూ చెయ్యిపట్టి లాగేవారు! ఎంత నవ్వేదో పెద్దమ్మ.

రాత్రుళ్లు పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని రాయబారం పద్యాలు అందుకునేవారు. రాగం మధ్యలో దమ్ము చాలకపోతే పకపకా నవ్వి, మళ్లీ మొదటికొచ్చేవారు. అంత సంతోషంగా బతికిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

మన ఊరివాళ్లలో ఎవరి ఫోన్‌లోనైనా ఆయన పద్యం పాడిన వీడియో ఉంటే దయచేసి నాకు పంపండి. మనవళ్లకు వినిపించాలి.