పొగ కాపురం మార్చింది

బీజింగ్ నుంచి

నాన్నగారికి,

ఈ ఊరి పడమటి వైపున్న షౌగాంగ్ ఉక్కు కర్మాగారం మీకోసమే అన్నట్టుంది. 1919లో పుట్టి, 2010 చివర్లో ఇక్కడి కొలిమి ఆర్పేసింది. ఇనుప ఖనిజం పోసిన గాదెలు ఇప్పుడు ఆఫీసులు. కూలింగ్ టవర్ల పక్కన 2022 శీతాకాల ఒలింపిక్స్ కోసం మంచు మీద గెంతే ర్యాంపు కట్టారు. టీవీలో చూసిన విదేశీయులు కొందరు అది అణు విద్యుత్ కేంద్రమేమోనని కంగారుపడ్డారట!

2013 జనవరిలో ఇదే ఊళ్లో పొగకు ఎదురు వీధి మేడ కనిపించేది కాదు. ఆ ఏడాది ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 ధూళి సగటున 89.5 మైక్రోగ్రాములు. 2021కి 33. ఈ తగ్గుదల అబద్ధం కాదు. బొగ్గు బాయిలర్లు పీకేశారు, పాత బళ్లు తీసేశారు.

అయితే షౌగాంగ్ మూతపడలేదు. దాదాపు 200 కిలోమీటర్ల అవతల, హెబేయ్ రాష్ట్రంలోని తాంగ్‌షాన్ తీరానికి కాపురం మార్చింది.

తాంగ్‌షాన్ నుంచి

1976 భూకంపంలో 2.4 లక్షల మందిని పోగొట్టుకుని మళ్లీ లేచిన ఊరిది. 2020లో తాంగ్‌షాన్ ప్రాంతం 14 కోట్ల టన్నులకు పైగా ఉక్కు తీసింది. ఆ ఏడు భారతదేశమంతా కలిసి తీసింది సుమారు 10 కోట్లు! మన విశాఖ ఉక్కు పూర్తి సామర్థ్యం 73 లక్షల టన్నులు. అలాంటివి పందొమ్మిది ఒక్కచోట ఊహించుకోండి, సింటర్ ప్లాంట్ల ధూళితో సహా.

పొగ ఎక్కువైన రోజుల్లో ఉత్పత్తి తగ్గించాలని ఆంక్షలుంటాయి. 2021 మార్చిలో పర్యావరణ మంత్రి హువాంగ్ రున్‌చ్యూ చెప్పాపెట్టకుండా దిగితే, నాలుగు కర్మాగారాలు ఉత్పత్తి తగ్గించకుండానే తగ్గించినట్టు రికార్డులు రాస్తూ దొరికిపోయాయి. ఆశ్చర్యమేముంది? స్థానిక అధికారి పనితనాన్ని దశాబ్దాల పాటు కొలిచింది ప్రధానంగా జీడీపీతోనే. కొలిమి ఆగితే జీతాలూ ఆగుతాయి, పన్నులూ ఆగుతాయి.

తొందరపడినా దెబ్బే. 2017 చలికాలంలో ఇదే రాష్ట్రంలోని చ్యూయాంగ్‌లో బొగ్గు పొయ్యిలు తీసేశారు, వాటి బదులు రావాల్సిన ఏర్పాటు సమయానికి అందలేదు. గదుల్లో వణకలేక బడిపిల్లలు ఆరుబయట ఎండలో కూర్చుని పాఠాలు చదివారు. రాజధానికి నీలాకాశం, పక్క రాష్ట్రపు పిల్లలకు చలి. ఈ పంపకం న్యాయంగా లేదు.

షెన్‌జెన్ నుంచి

దక్షిణాన లోకమే వేరు. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి అయిన ఈ ఊరు 2017 చివరికల్లా 16 వేలకు పైగా సిటీ బస్సులన్నిటినీ విద్యుత్ బస్సులుగా మార్చేసింది. బస్సు వచ్చి ఆగినా చప్పుడుండదు. మన ఆర్టీసీ అలవాటున్న చెవికి అదో వింత. డబ్బున్న ఊరికి శుభ్రత కొనుక్కోవడం తేలిక.

ఫొటోలు వేరే కవర్లో వస్తున్నాయి. బ్లాస్ట్ ఫర్నెస్‌లో మీతో పనిచేసినవాళ్లకు చూపించండి. షౌగాంగ్ టవర్లలోంచి ఆవిరి రావట్లేదేమని అడిగితే, కొలిమి తాంగ్‌షాన్‌లో మండుతోందని చెప్పండి.