అర్జీ కింద నా సంతకం

నేను కోరుట్లకు దగ్గరలో ఉన్న ఒక పల్లెలో ముప్పై ఒక్క సంవత్సరాలు పంతులమ్మగా పని చేసి, ఇప్పుడు ఇంటి పట్టున ఉంటున్నాను. మా ఊళ్లో చాలా ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్ దేశాలకు పోయి ఉంటారు. ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చేస్తారు. పింఛను కాగితమైనా, బ్యాంకు కాగితమైనా రాయించుకోవడానికి నా దగ్గరికే వస్తారు. అలా నేను రాసిన ఒక కాగితం గురించి ఈ నెల మీతో చెప్పుకోవాలనుకుంటున్నాను. సంఘంలో ఎన్నోసార్లు సాక్ష్యం చెప్పాను గాని, ఈ సంగతి మాత్రం దాచుకున్నాను.

2018 ఎండాకాలం. మా వాడలో వీధికుక్కలు ఎక్కువైపోయాయి. తెల్లవారి పాలకు పోయే పిల్లలను తరిమేవి. ఒకరోజు మా ఎదురింటి ఆరేండ్ల బాబును పిక్క మీద కరిచాయి. వాడి తండ్రి మస్కట్‌లో ఉన్నాడు. తల్లి గుండెలు బాదుకుంటూ వాడిని ఎత్తుకొని పరుగెత్తింది. ఆ సాయంత్రమే వాడవాళ్లంతా మా అరుగు మీద కూర్చున్నారు. "టీచరమ్మా, నువ్వు గట్టిగ రాయి" అన్నారు. గట్టిగానే రాశాను. "ఈ కుక్కల బెడద బొత్తిగా లేకుండా చేయవలసినదిగా కోరుచున్నాము" అన్నది చివరి వాక్యం. నలభై మూడు సంతకాలు పడ్డాయి. మొదటిది నాది.

లేకుండా చేయడమంటే ఏమిటో నేను విడమర్చి రాయలేదు. విడమర్చి రాయకపోవడంలోనే నా తప్పు ఉన్నదని తర్వాత తెలిసింది.

నాలుగో రోజు పొద్దున లేచేసరికి వాడలో తొమ్మిది కుక్కలు చచ్చి పడి ఉన్నాయి. అన్నంలో ఏదో కలిపి పెట్టారు. ఎవరు పెట్టారన్నది ఇక్కడ అవసరం లేదు. వాళ్లకు ధైర్యమిచ్చింది నా కాగితమే. ఒక ఆడకుక్క మా చర్చి ప్రహరీగోడ పక్కన నురగ కక్కుకొని పడి ఉంది. పాలతో నిండి ఉన్న దాని రొమ్ములు చూసి నేను మొహం తిప్పుకొన్నాను.

ఆ ఆదివారం సండేస్కూల్లో నేను చెప్పవలసిన పాఠం యోనా. నీనెవె పట్టణం మారుమనస్సు పొందిందని యోనా కోపగించుకోవడం, నీడనిచ్చిన చెట్టు వాడిపోతే దానికోసం బాధపడటం పిల్లలకు చెప్పాను. ఆ గ్రంథంలో దేవుడు అడిగే చివరి ప్రశ్నలో మనుషులతో పాటు పశువులు కూడా ఉన్నాయి. ఆ గ్రంథం ముగిసేదే పశువుల మాట మీద. ఎన్నో ఏండ్లుగా ఆ పాఠం చెప్తున్నాను గాని, ఆ చివరి మాట దగ్గర ఎన్నడూ ఆగలేదు. ఆ రోజు మా కొడుకు బిడ్డ నన్ను ఆపింది. తొమ్మిదేండ్ల పిల్ల. అందరి ముందర లేచి నిలబడి, "బాపమ్మా, దేవునికి పశువుల మీద గంత ప్రేముంటే, నువ్వెందుకు సంతకం పెట్టినవ్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పాట పాడించి పిల్లలను పంపేశాను.

మధ్యాహ్నం ఆ పిల్లే నన్ను చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. చర్చి వెనుక దొడ్లో పసుపు ఉడకబెట్టే పెద్ద కడాయి బోర్లించి ఉంది. దాని కింద మూడు కుక్కపిల్లలున్నాయి. రెండు అప్పటికే చల్లబడిపోయాయి. మూడోది నల్లది, అరచేతిలో పట్టేంత. దాన్ని కొంగులో చుట్టుకొని ఇంటికి తెచ్చాను. దయతో తెచ్చానని చెప్పలేను. ఆ పిల్ల కళ్లలోకి చూడలేక తెచ్చాను.

"అత్తమ్మా, ఇంట్ల బీడీ ఆకు ఉంటది, తంబాకు ఉంటది, ఇది యాడ పంటది?" అని కోడలు గొణిగింది. ఆమె మాటలో న్యాయముంది. పశువుల పాకలో ఒక మూల గోనెసంచి పరిచి చోటు చేశాము. మనుమరాలు దానికి రూతు అని పేరు పెట్టింది. విడిచిపోకుండా ఉన్నది గనుక ఆ పేరట. మా సంఘపెద్ద ఒకాయన, "కుక్కకు బైబిలు పేరేందమ్మా?" అని నొచ్చుకున్నాడు. ఆయన మాట తీసివేయలేక బుజ్జి అని మార్చాము. అయితే మనుమరాలు చెవిలో మాత్రం ఇప్పటికీ రూతు అనే పిలుస్తుంది.

మొదటి వారంలోనే నా అజ్ఞానం బయటపడింది. ఆవుపాలు పోస్తే బుజ్జికి విరేచనాలు పట్టుకున్నాయి. ఒళ్లంతా గజ్జి, చెవుల్లో పిడుదులు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అది పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. ఎడ్లకు, బర్రెలకు తప్ప కుక్కకు వైద్యమేమిటని నవ్వుకుంటూనే బుట్టలో పెట్టుకొని పోయాను. అక్కడ నేర్చుకున్నవి మీకూ పనికి వస్తాయని రాస్తున్నాను.

తెచ్చిన కుక్కపిల్లకు మొదట నులిపురుగుల మందు పట్టించాలి. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ జబ్బులు రాకుండా టీకా వేయించాలి. మూడు నాలుగు వారాలకు మళ్లీ వేయించాలి. మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ప్రతి ఏటా. అన్నంలో మజ్జిగ, ఉడికిన గుడ్డు కలిపి పెట్టవచ్చు. ఉల్లిగడ్డ, ద్రాక్ష, చాక్లెట్ పెట్టరాదు. ఉడికిన కోడి ఎముకలు సూదుల్లా విరిగి కడుపులో గుచ్చుకుంటాయి, అవీ వద్దు. ఈడు రాగానే పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించాలి. ఆడకుక్క రెండు నెలలే మోస్తుంది, ఏడాదిలో రెండుసార్లు కూడా ఈనవచ్చు. ఒక్క ఆపరేషన్‌తో ఎన్ని పిల్లలు వీధిన పడకుండా ఉంటాయో లెక్క వేసుకోండి.

సిరిసిల్లలో మా చెల్లెలి భర్త సాంచాల మీద పని చేస్తాడు. వాళ్ల గల్లీలో ఒక కుక్కను ట్రాలీ ఆటో గుద్దిపోయింది. దగ్గరికి పోయినవాళ్లందరి మీదికీ పళ్లు చూపించింది. నొప్పిలో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది. అది దాని చెడుతనం కాదు. మా మరిది సాంచా మీది గుడ్డ ముక్క ఒకటి తెచ్చి, మెల్లగా దాని మూతి కట్టి, ఇంకో గుడ్డ మీద కప్పి, చెక్క మీదికి జరిపి దవాఖానకు తీసుకుపోయాడు. కాలు వంకరగానే అతుక్కుంది. ఇప్పుడది సాంచాల చప్పుడులో హాయిగా నిద్రపోతుంది. కరెంటు పోయి సాంచాలు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తుంది.

ఇక ఈ కథలో నాకు కష్టమైన భాగం చెప్తాను. 2021లో, బడులు మూతపడిన రోజుల్లో, వాడలోని పిల్లలు మా అరుగు మీదికి చదువుకోవడానికి వచ్చేవారు. ఎదురింటి బాబు కూడా వచ్చేవాడు. ఒకరోజు బుజ్జి తింటూ ఉంటే వాడు దాని గిన్నె గుంజాడు. బుజ్జి వాడి చెయ్యి కరిచింది. రక్తం వచ్చింది. పెంచిన కుక్క, టీకాలన్నీ వేయించిన కుక్క, అయినా కరిచింది. తినేటప్పుడు దగ్గరికి పోవద్దని పిల్లలకు ముందే చెప్పవలసిన దానిని నేనే.

వాడి చెయ్యిని పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాను. చుట్టూ చేరినవాళ్లు పసుపు పెట్టమన్నారు, కారం పెట్టమన్నారు, పసరు మందు పోసే ఊరికి తీసుకుపొమ్మన్నారు. ఏదీ పెట్టనీయలేదు. ఆటోలో తల్లినీ బిడ్డనూ ఎక్కించుకొని కోరుట్ల సర్కారు దవాఖానకు పోయాను. డాక్టరమ్మ సూది వేస్తూ, "ఇంతకు ముందు ఎప్పుడైనా కుక్క కరిచిందా? అప్పుడు సూదులన్నీ పూర్తి చేయించారా?" అని అడిగింది. తల్లి తల వంచుకుంది. 2018లో ఒక్క సూది వేయించి, తర్వాత పసరు పోయించి ఊరుకున్నారట. కూలి పోతుందని మళ్లీ రాలేదట.

నా కాళ్లలో బలం పోయింది. ఆ బిడ్డ పేరు చెప్పి నేను అర్జీ రాశాను. నలభై మూడు సంతకాలు పెట్టించాను. తొమ్మిది ప్రాణాలు పోయాయి. కాని ఎదురింట్లోనే ఉండి, "బాబుకు సూదులు పూర్తయ్యాయా?" అని ఒక్క మాట అడగలేదు. రేబీస్ ఒకసారి బయటపడితే దాదాపు ఎవరూ బతకరు. కొందరిలో ఏడాది దాటిన తర్వాత కూడా బయటపడుతుంది. వాడు బతికి ఉండటం దేవుని కృప తప్ప మా తెలివి కాదు.

ఈసారి మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు సూదులన్నీ వేయించాము. ప్రతిసారీ నేనే వెంట పోయాను. బుజ్జిని పది రోజులు కట్టేసి కనిపెట్టి చూశాము. చివరి సూది రోజు తిరుగు ఆటోలో ఆ తల్లితో నా తప్పు ఒప్పుకొన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కుక్కను ఎల్లగొట్టకు టీచరమ్మా. తినేటప్పుడు గుంజద్దని మా పోరనికి నేను చెప్పుకుంట" అన్నది.

2023 ఫిబ్రవరి 19న హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. ఆ దృశ్యం చూసి నిద్రపోని తల్లులు ఎందరో. ఆ తర్వాత జగిత్యాలలో స్త్రీల కూడికలో నన్ను మాట్లాడమంటే ఈ సంగతే ఎత్తాను. ఒక తల్లి లేచి, "టీచరమ్మా, కుక్క పానం ఎక్కువనా, పిల్ల పానం ఎక్కువనా?" అని అడిగింది. పిల్ల ప్రాణమే ఎక్కువ అన్నాను. అందులో రెండో మాట లేదు. కాని విషం పెడితే పిల్ల ప్రాణం దక్కుతుందా? మా వాడలో తొమ్మిది చచ్చిన ఏడాదికే పక్క ఊళ్ల నుండి కొత్త కుక్కలు వచ్చి చేరాయి. ఎంగిలాకులు, కోడి వ్యర్థాలు వీధిలో ఉన్నంతకాలం అవి వస్తూనే ఉంటాయి. ఒక ఊరి కుక్కల్లో నూటికి డెబ్బైకి టీకా వేస్తే రేబీస్ వ్యాపించడం ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. మనుషులకు వచ్చే రేబీస్‌లో నూటికి తొంభై తొమ్మిది వంతుల వరకు కుక్కల ద్వారానే వస్తున్నది గనుక, కుక్కకు వేసే సూది పిల్లను కాపాడే సూదే.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వీధికుక్కలను క్రూరంగా చంపడం నేరమని పేరు పెట్టి చెప్తుంది. 2023 నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్, టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, జంతుప్రేమికులు వీధికుక్కలను దత్తత తీసుకోవచ్చు గాని, తీసుకున్నవాటిని మళ్లీ వీధిలో విడిచిపెట్టరాదని చెప్పింది. అది సరైన మాట. పిల్లలు ముచ్చటపడ్డారని తెచ్చి, పెద్దదయ్యాక పొలిమేరలో వదిలిపెట్టేవారు కూడా వీధికుక్కలను పెంచుతున్నట్టే.

జంతువుల సంగతి సంఘానికి ఎందుకు అనేవారికి ఒక చరిత్ర చెప్తాను. 1824లో లండన్‌లో జంతు హింసను ఆపడానికి సంఘం పెట్టినవారిలో ముఖ్యుడు ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరి. బానిస వ్యాపారాన్ని రద్దు చేయించడానికి పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఆయనతో కలిశాడు. ఆ సంఘం అప్పుల కోసం బ్రూమ్‌గారు జైలుకు కూడా పోయారు. మనిషి సంకెళ్లు చూసి ఏడ్చిన వారికే మూగజీవం బాధ కూడా కనబడింది. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని కూడా పట్టించుకుంటాడని సామెతల గ్రంథం పన్నెండవ అధ్యాయంలో ఉన్న సంగతి మనకు తెలిసిందే.

ఆ తర్వాత నేను ఇంకో అర్జీ రాశాను. ఈసారి విడమర్చి రాశాను. కుక్క కరిచిన ప్రతి ఒక్కరికీ సూదులన్నీ పూర్తయ్యేలా చూడాలి, వాడలోని కుక్కలకు టీకాలు వేయాలి, ఆపరేషన్లు చేయించాలి, కోడి వ్యర్థాలు వీధిలో పారవేయనీయరాదు అని. టీకాలు ఒకసారి బడి ఆవరణలో వేశారు. ఆపరేషన్లు ఇంకా కాలేదు. మళ్లీ రాస్తాను. ఆ అర్జీ మీద రెండో సంతకం ఎదురింటి తల్లిది.

బుజ్జికి ఇప్పుడు మూతి నెరిసింది. ఆదివారం మేము ఆరాధనకు పోతే చర్చి గేటు బయట పడుకొని ఉంటుంది. గోడ పక్కన దాని తల్లి పడి ఉన్న చోటు అక్కడికి నాలుగడుగులే. నేను ఆ చోటు దాటి లోపలికి పోతున్నప్పుడల్లా, సంతకం పెట్టే ముందు ఆలోచించే మనసు నాకివ్వు ప్రభువా అని అడుగుతాను. మీ ఊళ్లో ఈ నెల కుక్క కరిచిన పిల్ల ఎవరైనా ఉంటే, దయచేసి ముందుగా ఆ ఇంటికి పోయి సూదుల సంగతి అడగండి.