రెక్క కొస పట్టుకున్న పిల్ల

"నాన్నా, నా వైపు తీగ ఇంత నెమ్మదిగా జరపాలా?"

చంద్రపూర్ ఎండకి మధ్యాహ్నం బయటికెళ్లేలా లేదు. ఇంట్లోనే మోడల్ విమానానికి రెక్క కోస్తున్నాం. థర్మాకోల్ దిమ్మ, వేడెక్కిన నిక్రోమ్ తీగ, చెరో చివర మేమిద్దరం.

రెక్క మొదలు 24 సెం.మీ. వెడల్పు, కొస 16.
నేను 3 సెం.మీ. జరిపేసరికి తను 2 మాత్రమే జరపాలి. తొందరపడితే రెక్క వంకరపోతుంది. ఆగితే ఫోమ్ ఎక్కువ కరిగిపోతుంది.
అందుకే దిమ్మకి రెండు చివరలా తీగ జారడానికి పెట్టిన అచ్చుల మీద సమానంగా పదేసి భాగాలు గీసి, అంకెలు వేశాం.

మరాఠీ బడిలో చదివే పిల్ల నాతో గొంతు కలిపి "ఒకటి... రెండు..." అంటుంటే ఎంత సంతోషమేసిందో!
దూరాలు వేరైనా పదో గీత దగ్గరికి ఇద్దరం ఒక్కసారే చేరాం. తనతో ఏ పనైనా ఇలాగే చేయాలనిపించింది.

ఇలా సన్నబడే రెక్కకి కొస ముందుగా స్టాల్ అయ్యే (లిఫ్ట్ కోల్పోయే) ప్రమాదముంది కదా, అక్కడ వెనక అంచుని 2 డిగ్రీలు పైకి మెలితిప్పుదామనుకుంటున్నాం.
చేసినవాళ్లెవరైనా ఉన్నారా? మీరెంత తిప్పారు?