పల్లె బడిలో బల్బు వెలిగింది

విద్యుత్ పాఠాన్ని బల్బు, బ్యాటరీ చూడకుండానే వల్లించే పిల్లలు మా పల్లెల్లో ఇంకా ఉన్నారు. నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆరంభించిన ‘ఫెట్’ ప్రయోగాలను ఈమధ్య మేము కంప్యూటరులో చూశాము. అన్నీ ఉచితమే, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒకసారి దింపుకుంటే ఇంటర్నెట్ అక్కరలేదు. సిగ్నలు అందని ఊళ్లకు ఇది ఎంత మేలో! తెరమీద పిల్లలే తీగలు కలిపి బల్బు వెలిగిస్తారు. తప్పుగా కలిపితే మంట లేస్తుంది గాని చెయ్యి కాలదు.

అయితే ఒక్క చిన్న తెర చుట్టూ తరగతంతా మూగితే వెనుక నిలిచిన ఆడపిల్లకేమి కనబడుతుంది? మందిరంలోని ప్రొజెక్టరు ఆరు రోజులు ఖాళీయే గదా, బడికిద్దామని సంఘపెద్దలతో అన్నాము. ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం మళ్లీ అడుగుతాము.