తలుపు పచ్చ

ఏప్రిల్ 16

వేట నిషేధం నిన్న మొదలైంది. జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజన్ల పడవలు సముద్రంలోకి దిగవు. చేపలు గుడ్లు పెట్టే కాలం. మైపాడు ఒడ్డున పడవలన్నీ ఇసుక మీదికి ఎక్కేశాయి. ఒకాయన అప్పుడే పడవ పక్కను గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. అది చూసే అత్తయ్యకు గుర్తొచ్చినట్టుంది. ఇంటికి రాగానే వీధి తలుపు మీద చెయ్యి పెట్టి, "ఈ ఏడన్నా దీనికి రంగేయిస్తారా, లేదా? అదే పచ్చ ఉండాల. ఇంకోటి వద్దు" అంది.

ఆవిడ కాపురానికొచ్చిన ఏడు పెట్టిన తలుపది. ఉప్పుగాలికి గడియ మూడుసార్లు మార్చాం. చెక్క మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది.

ఏప్రిల్ 19

నెల్లూరులో రంగుల కొట్టు. షేడ్ కార్డులో పచ్చలే ఎన్నో వరసలు, పేర్లన్నీ ఇంగ్లీషులో. ఏ పేరు చదివినా కళ్ల ముందుకు ఏ వస్తువూ రాలేదు. మా అమ్మ వెంకటగిరి చీరలు కొనేటప్పుడు చెప్పే పేర్లు వేరు. చిలకపచ్చ, పాచిరంగు, నెమలికంఠం. ఎరుపైతే మంకెన, కనకాంబరం, ఇటుక, జేగురు. నేరేడుకీ వంగపండుకీ ఉల్లిపొరకీ ఆవిడ దగ్గర ఎక్కడా పొత్తు కుదరదు. వాటిలో ఏ పేరు విన్నా ఆ కాయో పువ్వో చేతిలోకి తీసుకొని చీరంచు పక్కన పెట్టి చూడొచ్చు.

అత్తయ్య చెప్పిన గుర్తు "తమలపాకు వెనకవైపు". కొట్టులో కుర్రాడికి అదే చెప్పాను. అతను నవ్వలేదు. "ఆకు తెచ్చారా అక్కా?" అన్నాడు. తేలేదు. రేపు తేవాలి.

ఏప్రిల్ 20

ఆకు చూసి ఆ కుర్రాడు ఒప్పుకున్నాడు, డబ్బాలో దొరికే పచ్చ ఏదీ ఇది కాదని. ముదురు పచ్చ ఎనామిల్ లీటరు, తెలుపు అర లీటరు, కలుపుకోడానికి పసుపు, నలుపు స్టెయినర్లు ఒక్కోటి ఇచ్చాడు. "చుక్క చుక్కగా పొయ్యండి. పోసినాక వెనక్కి తీయలేరు." పక్క వీధిలో పిల్లలకు నీటిరంగుల ట్యూబులు నాలుగు కొన్నాను: ప్రష్యన్ నీలం, అల్ట్రామెరైన్, నిమ్మపసుపు, గాంబోజ్. తెలుపు, క్రిమ్సన్ ఇంట్లోనే ఉన్నాయి. కొత్త ట్యూబు మూత తిప్పి, మూతి మీది రేకును మూత మొనతో పొడిచేటప్పుడు పెద్దదాని ముఖం చూడాలి. ఆ చిన్న టప్ చప్పుడు కోసం నాలుగూ తనే పొడిచింది. చిన్నోడు అలిగాడు.

ఏప్రిల్ 26

బడులకు సెలవులు. ఊళ్లోనే ఉన్నాం. పాత స్టీలు పళ్లెం బోర్లించి, తమలపాకు పక్కన పెట్టుకొని కలపడం మొదలుపెట్టాం.

పెద్దది ముందు అల్ట్రామెరైన్‌లో గాంబోజ్ కలిపింది. మురికి పచ్చ వచ్చింది. "నీలం, పసుపు కలిపితే పచ్చ అని పుస్తకంలో ఉందే" అని గింజుకుంది. ఆ నీలంలో ఎరుపు పొడ ఉంది, ఆ పసుపులోనూ ఉంది. పచ్చలోకి ఎరుపు ఏ దోవన వచ్చినా పచ్చ మసకబారుతుంది. ప్రష్యన్ నీలం పచ్చవైపు మొగ్గే నీలం, నిమ్మపసుపూ అంతే. ఆ రెండూ కలిపేసరికి పళ్లెంలో నారుమడి లేచింది. మరీ కళ్లల్లో పొడుస్తోంది. అప్పుడు నేను పిన్నీసు మొనంత క్రిమ్సన్ వేశాను. పచ్చ ఒక్కసారిగా నెమ్మదించింది. ఇందాక పాడుచేసింది ఎరుపే, ఇప్పుడు దారికి తెచ్చిందీ ఎరుపే. పెద్దది నా మోచెయ్యి పట్టుకొని, "ఎంతేశావు? మళ్లీ చెయ్యి, నేను చూళ్లేదు" అంది.

నీటిరంగు ఆరాక పాలిపోతుంది. సాయంత్రానికి మా కాగితాలన్నీ ఒక పాలు తేలికయ్యాయి.

ఏప్రిల్ 29

నల్లరంగు సీసా పెట్టాం. తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీళ్లు. కాళహస్తి కలంకారీ వాళ్ల నలుపు ఇలాగే పుడుతుంది. ఇనుమూ బెల్లమూ రోజుల తరబడి ఊరాలి. చిన్నోడు సీసాకు తేదీ రాసి అంటించాడు. అటక మీద పెట్టమని అత్తయ్య.

మే 3

తలుపు గీకుడు. పాత ఎనామిళ్లలో సీసం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. ఈ తలుపు రంగు దానికి ఎన్నో ఏళ్ల ముందుది. అందుకే పిల్లల్ని పెరట్లోకి పంపి, తలుపు తడుపుతూ గీకాం. దుమ్ము లేవకుండా ముద్దలు ముద్దలుగా ఊడింది. ఆ ముద్దలన్నీ కవరులో కట్టేశాం.

పచ్చ కింద నీలం. నీలం కింద జేగురు. అత్తయ్య కుర్చీ వేయించుకొని కూర్చుంది. "ఆ నీలం మీ మామయ్య ఒక్క ఏడే ఉంచినాడు. నాకు నచ్చలా" అంది. జేగురు సంగతి ఆవిడకూ తెలియదు. ఈవిడ రాకముందే వేసి ఉంటారు.

బందు పక్కన, ఎండ తగలని చోట, పచ్చ వేరేగా ఉంది. ముదురు, కాస్త పసుపు కూడా. వీధివైపు పచ్చ సుద్దలా తెల్లబారి ఉంది. ఈయన వీధివైపు రంగే అసలుదంటారు, ఆయన చిన్నప్పట్నుంచి చూసింది అదే. అత్తయ్య బందు పక్కది అంటుంది.

ఇద్దరిదీ నిజం కాదేమో. నూనెరంగు ఎండలో వెలిసిపోతుంది. చీకట్లో ఉంటే నూనె పసుపెక్కుతుంది. బందు వెనక దాక్కున్న పచ్చ కూడా ఇన్నేళ్లలో మారే ఉంటుంది.

మే 4

బందు పక్కనుంచి ఊడిన గోరంత పెచ్చును కిటికీలో ఎండకు పెట్టాను. చీకట్లో ఎక్కిన పసుపు వెలుగు తగిలితే కొంత దిగుతుంది. వారం చూడాలి. పెచ్చు పిల్లలు ముట్టకుండా గాజు పలక కింద.

మే 8

రొయ్యలు. చెరువు రొయ్య పచ్చిగా ఉన్నప్పుడు బూడిదరంగు, అద్దంలా అవతలికి కనపడుతుంది. మూకుట్లో పడ్డ అర నిమిషానికి కనకాంబరం. చిన్నోడు స్టూలెక్కి చూస్తూ, "అమ్మా, రంగు ఎప్పుడేశావు?" అన్నాడు. రంగు మొదట్నుంచీ దాంట్లోనే ఉంది. ఒక మాంసకృత్తు దాన్ని పట్టుకొని దాచి ఉంచుతుంది. వేడికి ఆ పట్టు వదులుతుంది, ఎరుపు బయటపడుతుంది. పులికాట్‌కు చలికాలంలో వచ్చే రాజహంసల గులాబీ కూడా ఆ జాతి రంగే, అవి తినే నాచు నుంచీ చిన్న చిన్న రొయ్యల నుంచీ వచ్చింది. ఈ మాట విన్నాక పెద్దది తన పాత రాజహంస బొమ్మ తీసింది. ఒళ్లంతా గులాబీ పూసి ఉంది. "ఇది మరీ ఎక్కువ తినేసిందమ్మా" అని, రెక్కల దగ్గర తప్ప మిగతా చోట్ల తడిగుడ్డతో రంగు ఎత్తేసింది.

మే 11

పెచ్చు కాస్త తేటపడింది. తమలపాకు తెచ్చి పక్కన పెట్టాను. ఆకు వెనకవైపుకు చాలా దగ్గర. అత్తయ్యను పిలిచి చూపించాను. కళ్లజోడు పెట్టుకొని చాలాసేపు చూసింది. "నేను చెప్పలా" అని వంటింట్లోకి పోయింది.

మే 15

ఎడగారు నార్లు పోస్తున్నారు. ఇందుకూరుపేట దోవలో నాలుగు మడులు నాలుగు వయసుల పచ్చలు. బండి ఆపి పెద్దది నాలుగు గడులు గీసుకొని అక్కడికక్కడే రంగు కలిపింది. గాలికి నీళ్లు చిమ్మి రెండు గడులు కలిసిపోయాయి. అవే బాగున్నాయి.

మే 20

సీసా దించాం. వాసన భరించలేం, అత్తయ్య పెరటి గోడ దాకా తరిమింది. నీళ్లు చూస్తే నల్లగా లేవు, టీ డికాక్షన్ రంగు. చిన్నోడికి ఏడుపొక్కటే తక్కువ. కరక్కాయ పొడీ పాలూ కలిపిన దాంట్లో నానబెట్టి ఆరేసిన గుడ్డముక్క సిద్ధంగా ఉంది. వెదురుపుల్ల మొనకు నూలు చుట్టి, దాన్ని సీసాలో ముంచి గీత గీశాను. గీత గుడ్డను తాకీ తాకగానే నలుపెక్కింది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తేనే ఆ నలుపు. ఏ ఒక్కదానిలోనూ అది లేదు. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ కలం పనికే. ఆయన వేసిన కళ్లు, కనుబొమలు చూసినవాళ్లకు తెలుస్తుంది, ఇంత పల్చటి నీళ్లతో అంత సన్నటి గీత నిలబెట్టడం ఎంత కష్టమో. నా గీత పాకింది. చిన్నోడు తన పేరు రాశాడు, అదీ పాకింది. గుడ్డ దండెం మీద ఉంది.

మే 24

పారాణి. పక్కింట్లో పెళ్లి. పసుపులో సున్నపునీళ్లు కలిపితే ఎరుపు. పులికాట్ గుల్లలు కాల్చి చేసే సున్నమైతే ఇంకా బాగా ఎక్కుతుందని పెద్దవాళ్ల మాట. పెద్దది దాని మీద నిమ్మకాయ పిండి మళ్లీ పసుపు చేసింది. పెళ్లికూతురి అమ్మ కేకలేసింది.

మే 28

రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. ఎనామిల్ డబ్బా తీస్తే పైన మీగడ కడుతోంది. ఇప్పుడు వద్దు.

జూన్ 5

ఒడ్డున పడవకు రంగేసే ఆయన్ని అడిగి వచ్చాం. పిల్లలు మామా అంటారు ఆయన్ని. మొదట చెప్పింది రంగు గురించి కానే కాదు. "మంచినీళ్లతో కడిగినారా తలుపు? ఉప్పుంటే ఎంత మంచి రంగైనా పెచ్చులు లేచిపోద్ది." కడగలేదు. వచ్చి రెండుసార్లు కడిగాం. తర్వాత చెప్పినవి: రేకు ముక్క మీద పూసి నీడన ఆరనిచ్చి చూడాలి, తడిది చూసి నమ్మకూడదు, ఒక్కసారే మొత్తం కలుపుకోవాలి, చాలకపోతే మళ్లీ అదే రంగు రాదు.

జూన్ 8

ఏడు రేకు ముక్కలు. ఒక్కోదాని వెనక పెద్దది మేకుతో లెక్క గీసింది: పచ్చ ఎన్ని గరిటెలు, తెలుపు ఎంత, పసుపు ఎన్ని చుక్కలు, నలుపు ఎన్ని. నాలుగోది తడిగా ఉన్నప్పుడు సరిగ్గా తమలపాకే. ఆరాక ఒక పిసరు ముదిరింది. ఆరోది తడిలో పాలిపోయినట్టుంది, ఆరాక కుదిరింది. అత్తయ్య ఏడింటినీ తలుపుకు ఆనించి, వీధి అవతలికి వెళ్లి నిలబడి చూసింది. ఆరోదే చూపించింది.

జూన్ 10

పొద్దున ఆరింటికి మొదలు, ఎండెక్కేలోపు ఒక పూత. ఈయన పైన, నేను మధ్యలో, పెద్దది అడుగు పలకలు. చిన్నోడికి గడియ వెనక జానెడు చోటిచ్చాం. అక్కడ కుంచె గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. సరిచేయలేదు.

రేపు రెండో పూత.

జూన్ 13

అడుగున గ్లాసుడు పచ్చ మిగిలింది. మూత పెట్టినా గట్టిపడిపోతుంది. పిల్లలు పట్టుకెళ్లి పడవాయనకిచ్చారు. ఆయన పడవ పసుపు, నీలం. నీళ్లంచుకు పైన బెత్తెడు పట్టీ ఖాళీగా ఉంటే దానికి వేశాడు.

జూన్ 15

రాత్రే పడవలు పోయాయి. తెల్లారి కాఫీలు తాగి అందరం ఒడ్డుకు నడిచాం, అత్తయ్య కూడా. ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. ఆ పచ్చపట్టీ పడవ అలల్లోంచి ఇసుకకు తగిలేదాకా ఆవిడ చూస్తూనే ఉంది.

"దాని మీద కుదిరింది. మన తలుపుకు ఇంకో రెండు చుక్కలు పసుపు పడాల్సిందే అమ్మాయ్" అంది.

పెద్దది ఆరో రేకు వెనక ఆ రెండు చుక్కలూ గీసి దాచింది.